ఆసనం సరే... ఆరాధన ఎవరికి?

ఆదివారం ఆరాధన ముగిశాక సంఘకాపరి చుట్టూ చేరి సందేహాలు అడగడం కోనసీమ పల్లెల్లో పాత అలవాటు. సినిమాకు వెళ్లొచ్చా, తీర్థంలో పంచిన ప్రసాదం తినొచ్చా, బంధువుల ఇంట్లో పూజ జరుగుతుంటే కూర్చోవాలా లేచిపోవాలా... ఇవి తాతల కాలం నాటి ప్రశ్నలు. పి.గన్నవరం లాంటి ఊళ్లలో ఇప్పుడు వాటి పక్కన మరో రెండు వచ్చి కూర్చున్నాయి. "బడిలో యోగా చేయిస్తున్నారు అయ్యగారూ, పిల్లను పంపొచ్చా?" అన్నది ఒకటి. "మోకాళ్ల నొప్పికి చైనా సూదులు పొడుస్తారంట, పొడిపించుకుంటే తప్పా?" అన్నది రెండోది.

జవాబులు కూడా సాధారణంగా రెండే వినిపిస్తాయి. "అది అన్యుల ఆచారం, ఆ ఛాయలకే పోవద్దు" అంటారు ఒకరు. "అబ్బే, ఉత్త ఎక్సర్‌సైజు, మీరే లేనిపోని భయాలు పెట్టుకుంటున్నారు" అంటారు ఇంకొకరు. రెండూ తేలిక జవాబులే. మొదటిది నొప్పితో వచ్చిన మనిషిని నొప్పితోనే ఇంటికి పంపుతుంది. రెండోది ఆ మనిషి విశ్వాసాన్ని చిన్నబుచ్చుతుంది. అడిగినవాళ్లకు కావలసింది ఈ రెండూ కావు.

ఈ ప్రశ్నలు ఊరికే పుట్టలేదు. 2014 డిసెంబరు 11న ఐక్యరాజ్య సమితి జూన్ 21ని అంతర్జాతీయ యోగా దినంగా ప్రకటించింది. మరుసటి ఏడాది వచ్చిన తొలి యోగా దినం సరిగ్గా ఆదివారం పడింది. ఆరాధన రోజున ఈ కార్యక్రమం ఏమిటని అప్పట్లో కొందరు క్రైస్తవ నాయకులు అభ్యంతరం చెప్పారు. 2025లో అయితే 'యోగాంధ్ర' పేరుతో రాష్ట్రమంతటా నెల రోజులు శిక్షణ నడిచింది. చివరి రోజు విశాఖ సముద్ర తీరాన ప్రధానమంత్రి సమక్షంలో లక్షల మంది ఆసనాలు వేశారు. అంత పెద్ద ఎత్తున జరిగినదాని గురించి ప్రతి ఇంట్లోనూ మాట రాకుండా ఎలా ఉంటుంది?

ఇక నొప్పుల సంగతి. కొబ్బరి చెట్లెక్కే దింపు కార్మికుడి నడుము, పీచు ఒలిచే వలుపు కార్మికుడి భుజం, నాట్లేసి నాట్లేసి వంగిపోయిన ఆడమనిషి మోకాలు... వీటికి మతం లేదు. మాత్ర వేసుకుంటే తగ్గి, మానేస్తే తిరిగొచ్చే నొప్పి మనిషి చేత ఏ తలుపైనా తట్టిస్తుంది.

భయానికీ కారణం ఉంది

సంఘ పెద్దల జంకును చాదస్తమని కొట్టిపారేయడం న్యాయం కాదు. పతంజలి చెప్పిన యోగానికి ఎనిమిది అంగాలు. యమ నియమాల తర్వాత మూడోది ఆసనం, నాలుగోది ప్రాణాయామం, ఆఖరిది సమాధి. అంటే ఒంటిని వంచడం ఒక మెట్టు మాత్రమే. ఆ మెట్లు ఎక్కడికి తీసుకెళ్తాయన్న దాంట్లో ఒక తత్వం ఉంది. సూర్య నమస్కారాల్లో ఒక్కో భంగిమకు సూర్యుడి పేరుతో ఒక్కో మంత్రం చెప్పే పద్ధతీ ఉంది. చైనా వారి తాయ్ చీ సాధనకు తావో తత్వంతో చుట్టరికం ఉంది. దేవుడొక్కడే, ఆయనకు తప్ప మరొకరికి మొక్కకూడదన్న ఆజ్ఞను చిన్నప్పటి నుంచి కంఠస్థం చేసినవారు ఇక్కడ ఆగి ఆలోచించడం సహజం.

అయితే చరిత్రకు ఇంకో ముఖం కూడా ఉంది. సూర్య నమస్కారాలను దేహ వ్యాయామంగా దేశమంతటా ప్రచారం చేసింది ఔంధ్ సంస్థానాధీశుడు భవన్‌రావు పంత్ ప్రతినిధి. అది 1920ల నాటి మాట. 2015 తొలి యోగా దినానికి ముందు మైనారిటీల నుంచి అభ్యంతరాలు రావడంతో కేంద్రం ఉమ్మడి కార్యక్రమంలో సూర్య నమస్కారాలను చేర్చలేదు. ఓంకారం పలకడం తప్పనిసరి కాదని 2016లో స్పష్టం చేసింది. మంత్రం లేకుండా భంగిమ ఉండొచ్చని ప్రభుత్వమే ఒప్పుకున్నట్టయింది.

కొరింథు సంతలో మాంసం

ఈ చిక్కు క్రైస్తవులకు కొత్తది కాదు. మొదటి శతాబ్దంలోనే కొరింథు పట్నంలో ఇలాంటిదే వచ్చింది. అక్కడి అంగట్లో అమ్మే మాంసంలో చాలా భాగం గుళ్లలో బలిచ్చిన పశువులది. కొని తినొచ్చా అని విశ్వాసులు అడిగారు. పౌలు జవాబు కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలో 8 నుంచి 10 అధ్యాయాల దాకా సాగుతుంది. దాని సారం మూడు మాటల్లో చెప్పొచ్చు. అంగట్లో అమ్మేదాన్ని ఆరాలు తీయకుండా కొని తినొచ్చు. విగ్రహం ముందు వడ్డించే పంక్తిలో మాత్రం కూర్చోకూడదు. తినడం వల్ల పక్కనున్న బలహీనుడి మనస్సాక్షి గాయపడుతుందంటే, హక్కు ఉన్నా మానుకోవాలి.

ఇందులో అసలు కీలకం ఒకటుంది. వస్తువు ఎక్కడి నుంచి వచ్చిందన్న దాని కంటే, దానితో మనిషి ఏం చేస్తున్నాడన్నదే పౌలుకు ముఖ్యం. అదే మాంసం అంగట్లో కూర, గుడి పంక్తిలో ఆరాధన.

పి.గన్నవరం వాళ్లకు ఇది అర్థం కావడానికి కొరింథు దాకా పోనక్కర్లేదు. ఊళ్లో ఉన్న అక్విడక్టు చాలు. కింద వైనతేయ గోదావరి పారుతుంటుంది. పైన కాలువ నీళ్లు నదిని దాటి రాజోలు వైపు పొలాలకు పోతుంటాయి. కాటన్ దొర కాలం నాటి పాత కట్టడం పక్కనే డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టిన కొత్తది ఉంది. రెండు నీళ్లూ గోదావరివే, ఒకదాని మీదుగా ఒకటి పోతాయి, అక్కడ మాత్రం కలవవు. అయితే అవి కలవకపోవడం దానంతటదే జరిగింది కాదు. ఎవరో లెక్క వేసి, గోడ కట్టి, పగుళ్లు చూసుకుంటూ కాపాడుతున్నారు కాబట్టి కలవడం లేదు. పరాయి సంప్రదాయం నుంచి వ్యాయామాన్ని తీసుకునే విశ్వాసికీ అలాంటి గోడే కావాలి. గోడ అక్కర్లేదనేవారిది అజాగ్రత్త. నీళ్లు దాటనే కూడదంటే అవతలి పొలం ఎండుతుంది.

మౌనం మనదే

ఆసనాల కంటే ధ్యానం దగ్గరే చిక్కు ఎక్కువ. ధ్యానమంటే మనసును ఖాళీ చేయడమనీ, ఖాళీ ఇంట్లో ఎవరైనా దూరతారనీ కొందరు బోధకులు హెచ్చరిస్తారు. బైబిల్లో ధ్యానమన్న మాట మాత్రం కొత్తేమీ కాదు. మొదటి కీర్తనలోనే ఉంది. అక్కడి హీబ్రూ మాటకు లోగొంతుకతో గొణుక్కోవడం అన్న అర్థం ఉంది. అంటే వాక్యాన్ని పదేపదే నెమరేసుకోవడం. మనసును ఒకరి మాటతో నింపుకోవడం తప్ప, ఖాళీ చేసుకోవడం కాదు.

గోదావరి జిల్లాల క్రైస్తవులు మౌనాన్ని బయటి నుంచి అరువు తెచ్చుకోవలసిన పనీ లేదు. రాజమండ్రి కేంద్రంగా లూథరన్ సంఘంలో పనిచేసిన ముంగమూరి దేవదాసు అయ్యగారు 1938లో బైబిలు మిషనుకు పునాది వేశారు. ఆయన నేర్పిన సాధనల్లో 'సన్నిధి' ముఖ్యమైనది. పాటలు, ప్రసంగాలు పక్కనపెట్టి దేవుని ఎదుట నిశ్శబ్దంగా కనిపెట్టుకుని ఉండటం అది. మైకుల హోరులో పడి చాలా సంఘాలు నిశ్శబ్దాన్ని మరిచిపోయాయి. మనశ్శాంతి కోసం పిల్లలు బయటి శిబిరాల వైపు చూస్తున్నారని బాధపడే పెద్దలు, మందిరంలో పది నిమిషాల మౌనానికైనా చోటుందా అని ముందు చూసుకోవడం మంచిది.

కథోలిక సంఘం ఈ విషయంలో 1989 అక్టోబరులో బిషప్పులకు ఒక లేఖ పంపింది. దాని మీద సంతకం చేసిన కార్డినల్ రాట్జింగర్ తర్వాత 16వ బెనెడిక్ట్ పోపు అయ్యారు. తూర్పు దేశాల ధ్యాన పద్ధతులను ఆ లేఖ మొత్తంగా తోసిపుచ్చలేదు. పనికొచ్చేది తీసుకోవచ్చంది. కానీ ఒళ్లు తేలికపడటం, మనసు నెమ్మదించడం లాంటి అనుభూతులనే పరిశుద్ధాత్మ అనుభవంగా పొరబడొద్దని హెచ్చరించింది. ప్రొటెస్టంట్ విశ్వాసులకు ఆ లేఖ శాసనం కాకపోయినా, ఈ హెచ్చరిక ఎవరికైనా పనికొచ్చేదే.

సూది మాటేమిటి?

చైనా వైద్యం దగ్గర ప్రశ్న కొంచెం మారుతుంది. వారి సంప్రదాయం ప్రకారం ఒంట్లో 'చీ' అనే జీవశక్తి 12 ముఖ్యమైన దారుల్లో పారుతుంది. దారి మూసుకుపోతే జబ్బు. సూదితో తెరిస్తే ఆరోగ్యం. దేహాన్ని కోసి చూసిన శాస్త్రానికి ఆ దారులు కనిపించలేదు. అయినా సూది మన దేశానికి మతం వేషంలో రాలేదు, డాక్టర్ల చేతుల మీదుగా వచ్చింది. 1938లో యుద్ధంలో ఉన్న చైనాకు సేవ చేయడానికి వెళ్లిన ఐదుగురు భారతీయ డాక్టర్లలో కోట్నిస్ పేరు అందరికీ తెలుసు. అదే బృందంలోని విజయ్ కుమార్ బసు 1959లో కలకత్తాలో ఆక్యుపంక్చర్ మొదలుపెట్టారు. కేంద్ర ఆరోగ్య శాఖ 2019లో దాన్ని ప్రత్యేక చికిత్సా విధానంగా గుర్తించింది.

మరి పని చేస్తుందా? జర్మనీలో తీరని నడుము నొప్పి ఉన్న 1,162 మందిపై జరిగిన పరిశోధన ఫలితాలు 2007లో వచ్చాయి. ఆరు నెలల తర్వాత చూస్తే, చైనా పద్ధతిలో సూదులు పొడిపించుకున్నవారిలో 47.6 శాతం మందికి మేలు కనిపించింది. ఆ బిందువులు కాని చోట పైపైన పొడిచినవారిలో 44.2 శాతం మందికి కనిపించింది. మామూలు మందులు, వ్యాయామ చికిత్స పొందినవారిలో అది 27.4 శాతమే. అంటే సూది వల్ల ఉపశమనం దొరికింది. 'చీ' దారులను పట్టించుకోకుండా పొడిచినా దాదాపు అంతే దొరికింది. భయపడే విశ్వాసికీ, మురిసిపోయే ప్రచారకుడికీ ఈ అంకెల్లో జవాబుంది. ఉపశమనం పొందడానికి ఆ సిద్ధాంతాన్ని నమ్మాల్సిన పని లేదు.

మూలికల సంగతీ అంతే. చైనా శాస్త్రవేత్త తూ యూయూ నాలుగో శతాబ్దపు వైద్య గ్రంథంలో దొరికిన ఆధారంతో మలేరియాకు ఆర్టెమిసినిన్ మందు కనిపెట్టి 2015లో నోబెల్ బహుమతి అందుకున్నారు. ఆ మందు ఎందరి ప్రాణాలనో కాపాడింది. మరోపక్క, 1990ల మొదట్లో బెల్జియంలో ఒళ్లు తగ్గేందుకు చైనా మూలికలు వాడిన ఆడవాళ్లకు ఎందరికో కిడ్నీలు పాడయ్యాయి. కారణం అరిస్టోలోకిక్ ఆమ్లం. పాతదైనంత మాత్రాన మంచిదీ కాదు, పరాయిదైనంత మాత్రాన చెడ్డదీ కాదు. పరీక్షకు నిలిచిందా లేదా అన్నదే లెక్క.

బైబిలు కూడా వైద్యాన్ని తక్కువ చేయలేదు. హిజ్కియా రాజు పుండు మీద అంజూరపు పండ్ల ముద్ద కట్టించింది యెషయా ప్రవక్తే. తిమోతి కడుపు జబ్బుకు కొంచెం ద్రాక్షారసం పుచ్చుకోమన్నది పౌలే. ఆయన వెంట తిరిగిన లూకా వైద్యుడే. నరసాపురం చేరిన బౌడెన్, బీర్ దొరలతో మొదలైన గోదావరి డెల్టా మిషన్ చరిత్రలోనూ వాక్యం వెంట వైద్యం నడిచింది.

ఇంతకీ ఏం చేయాలి?

ప్రార్థనతో నయమవుతుందనో, సూదితో నయమవుతుందనో బీపీ, షుగరు మాత్రలు ఆపేయడం ప్రమాదం. ఆపాలా వద్దా అన్నది డాక్టరు చెప్పాలి. సూది పొడిచేవారు అర్హత ఉన్నవారేనా, ఒకరికి వాడిన సూది ఇంకొకరికి వాడుతున్నారా అన్నది కళ్లారా చూసుకోవాలి. శుభ్రం చేయని సూదితో కామెర్లు తెచ్చే వైరస్‌లు అంటుకుంటాయి. షుగరు ఉన్నవారు, రక్తం పలచబడే మందులు వాడేవారు ముందుగానే చెప్పాలి. సంతలో కొన్న ముళ్ల పలక మీద నిలబడితే సర్వరోగాలూ పోతాయన్న మాటను ఏ మతం వారూ నమ్మాల్సిన పని లేదు.

బడిలో పిల్లల విషయంలో తల్లిదండ్రులు తగవుకు దిగేముందు మాస్టారితో మాట్లాడటం మేలు. వ్యాయామం వరకు చేయించి, మంత్రాల దగ్గర పిల్లను మౌనంగా ఉండనివ్వమంటే చాలామంది కాదనరు. ప్రభుత్వ గుర్తింపు లేదా సాయం ఉన్న బడిలో సమ్మతి లేకుండా ఎవరినీ మతబోధకు, ఆరాధనకు హాజరు కమ్మనకూడదని రాజ్యాంగం 28వ అధికరణంలో చెప్పింది. మైనరైతే ఆ సమ్మతి సంరక్షకులది. ఇది పోట్లాడటానికి కత్తి కాదు, మర్యాదగా అడగడానికి ధైర్యం.

ఇంట్లోనూ అదే మర్యాద కావాలి. కోడలు ఆసనాలు వేస్తే అత్తగారికి నచ్చకపోవచ్చు. అత్తగారి జంకు కోడలికి చాదస్తంగా తోచొచ్చు. పౌలు చెప్పింది ఇద్దరికీ వర్తిస్తుంది. తెలిసినవాళ్లు తెలియనివాళ్లను వెక్కిరించకూడదు. జంకేవాళ్లు చేసేవాళ్లకు తీర్పు తీర్చకూడదు. మనస్సాక్షి ఒప్పుకోనివారిని లాక్కెళ్లి చాప మీద కూర్చోబెట్టే హక్కు డాక్టరుకీ లేదు, కొడుక్కీ లేదు. వారికి ఫిజియోథెరపీ ఉంది, కాలువ గట్టు మీద నడక ఉంది.

ఎదురుగా వచ్చిన ప్రతి సాధననూ అడగాల్సిన ప్రశ్న ఒకటే. ఇది మోకాలు మడవమంటోందా, మోకరించమంటోందా? మడవమంటే మడవొచ్చు. మోకరించమంటే, ఎవరి ముందో తెలుసుకోవాలి.

ఏ మందిరంలోనైనా వెనక వరుసలో నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు కనిపిస్తాయి. చాప మీద కూర్చోలేని మామ్మగార్ల కోసం వేసినవి అవి. ప్రార్థన వేళ అందరూ మోకాళ్ల మీద ఉంటే వాళ్లు మాత్రం కుర్చీలోనే తల వంచుకుంటారు. వాళ్లలో ఒకరు సూది వల్లనో, వ్యాయామం వల్లనో, మాత్ర వల్లనో మళ్లీ మోకాళ్ల మీదికి దిగగలిగితే, ఆవిడ మొదట చేసే పని తన దేవుడికి కృతజ్ఞత చెప్పుకోవడమే.