గోల్‌కీపర్ తర్వాత ఏమవుతుంది?

ఆటోనగర్‌లో పనితనం ఎలా చేతులు మారుతుందో బెజవాడ వాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. చదువు అబ్బని కుర్రాడు ఏదో ఒక షెడ్డులో హెల్పర్‌గా చేరతాడు. కొన్నేళ్లు స్పానర్లు అందించి, తిట్లు తిని, వెల్డింగో కమాన్ల పనో ఒంటబట్టించుకుంటాడు. మెకానిక్ అవుతాడు, మేస్త్రీ అవుతాడు, కలిసొస్తే సొంత షెడ్డు పెట్టి తన కింద నలుగురు కుర్రాళ్లను చేర్చుకుంటాడు. ఈ నిచ్చెన మీద ఆడపిల్ల దాదాపుగా కనిపించదు. కనిపించకపోవడం ఎంత మామూలైపోయిందంటే, ఎందుకు లేదన్న ప్రశ్న కూడా ఎవరికీ తట్టదు.

ఫుట్‌బాల్‌లోనూ ఇలాంటి నిచ్చెనే ఒకటుంది. హక్కుల పత్రికకు ఫుట్‌బాల్‌తో ఏం పని అని కొందరు పాఠకులకు అనిపించవచ్చు. ఆట కూడా ఒక పనే, మైదానం కూడా పనిచేసే చోటే అని ఒప్పుకుంటే ఆ అనుమానం తీరిపోతుంది.

పీటర్ తంగరాజ్ 1935లో హైదరాబాదులో పుట్టాడు. సికింద్రాబాద్ క్లబ్బుల్లో ఆడి, సైన్యంలో చేరాడు. మొదట్లో ముందు వరుసలో ఆడేవాడట, గోల్ దగ్గరికి తర్వాత వచ్చాడు. మద్రాస్ రెజిమెంటల్ సెంటర్ జట్టు 1955లోనూ 1958లోనూ డ్యూరాండ్ కప్పు గెలిచింది ఆయన ఉండగానే. 1956 మెల్‌బోర్న్, 1960 రోమ్ ఒలింపిక్స్‌కు వెళ్లాడు. 1962లో జకార్తా ఆసియా క్రీడల్లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి స్వర్ణం తెచ్చిన జట్టులో ఉన్నాడు. కలకత్తాలోని మూడు పెద్ద క్లబ్బులకూ ఆడాడు. 1967లో అర్జున అవార్డు వచ్చింది. ఆట మానేశాక శిక్షకుడయ్యాడు, బొకారో ఉక్కు కర్మాగారంలో కోచ్‌గా పనిచేశాడు, 2008లో బొకారోలోనే కన్నుమూశాడు.

ఆయన ప్రతిభను ఎవరూ కాదనలేరు. అయితే ఆ జీవితంలోని మెట్లను ఒకసారి లెక్కపెట్టి చూడండి. సైన్యం, క్లబ్బు, ప్రభుత్వరంగ కర్మాగారం. ప్రతి మెట్టు దగ్గరా జీతం ఉంది, ఒక మెట్టు దిగేలోపు ఇంకోటి సిద్ధంగా ఉంది. ఆయన కాలంలో భారత జట్టును తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీం కూడా అంతే. వృత్తిరీత్యా బడిపంతులు. 1950 నుంచి 1963లో చనిపోయేదాకా ఆయన నడిపింది హైదరాబాద్ సిటీ పోలీసు జట్టును. సైన్యం, పోలీసు, ఉక్కు: ఆనాడు ఇవన్నీ మగవాళ్ల ఉద్యోగాలే. ఆటను పోషించింది ఆ ఉద్యోగాలే. ఆటగాళ్లు పొద్దున్నే మైదానానికి వెళ్లేలోపు వాళ్ల ఇళ్లలో పొయ్యి ముట్టించింది ఎవరో క్రీడాచరిత్రలు రాయలేదు.

ఆడవాళ్లు ఆడలేదా అంటే, ఆడారు. 1980లో కాలికట్‌లో, 1983లో బ్యాంకాక్‌లో జరిగిన ఆసియా పోటీల్లో భారత మహిళల జట్టు రెండో స్థానంలో నిలిచింది. ఆ జట్ల పేర్లు మనలో ఎందరికి తెలుసు? శాంతి మల్లిక్‌కు 1983లో అర్జున వచ్చింది. మళ్లీ ఒక మహిళా ఫుట్‌బాలర్‌కు, మణిపూర్‌కు చెందిన బెంబెం దేవికి, అది దక్కేసరికి 2017 అయింది. ముప్ఫైనాలుగేళ్లు! మన సీనియర్ మహిళల జట్టుకు మేమోల్ రాకీ అనే మాజీ క్రీడాకారిణి ముఖ్యశిక్షకురాలైందీ 2017లోనే. మిగతా ప్రపంచమేదో బాగుందని కాదు. 2023 మహిళల ప్రపంచకప్‌కు వచ్చిన 32 జట్లలో ముఖ్యశిక్షకులుగా ఉన్న స్త్రీలు 12 మందే.

గోల్‌కీపర్ సంగతి మరీ ఆలోచించదగ్గది. మైదానమంతా కళ్లెదుట కనిపించేది ఆమెకే. ఎవరు ఎక్కడికి జరగాలో ముందున్నవాళ్లకు అరిచి చెప్పాల్సింది ఆమే. ఆడపిల్ల గొంతు గుమ్మం దాటకూడదని పెంచే సమాజంలో, గొంతెత్తి ఆజ్ఞాపించడం ఆమె ఆటలో భాగం. ఆటను చదవడం, మాటతో నడిపించడం శిక్షకురాలికి కావలసిన అర్హతలు కూడా. ఇరవై ఏళ్లు ఆ పని చేసిన మనిషికి ఆట అయిపోగానే పెళ్లి, లేదా ఆఫీసులో ఫైళ్లు తప్ప మరో దారి లేదంటే నష్టపోయేది ఆమె ఒక్కతే కాదు, ఆమె దగ్గర నేర్చుకోవాల్సిన పిల్లలు కూడా.

భారత జట్టుకు గోల్ కాచిన అదితి చౌహాన్ 2015లో ఇంగ్లండులో వెస్ట్‌హామ్ మహిళల జట్టుకు ఆడింది, 2025లో ఆట నుంచి విరమించింది. ఈలోపే షీ కిక్స్ పేరుతో అకాడమీ పెట్టింది. మెచ్చుకోవలసిందే. కానీ తంగరాజ్‌కు ఒక కర్మాగారం ఉంది, ఈమె తన మెట్టును తానే కట్టుకుంది. అలా కట్టుకునే వీలు తండాల నుంచి, కాలనీల నుంచి వచ్చే పిల్లలకు ఉంటుందా? నిజామాబాద్ జిల్లా నుంచి వచ్చిన సౌమ్య గుగులోత్ 2022లో క్రొయేషియాలోని డినమో జాగ్రెబ్‌కు ఆడే దాకా వెళ్లింది. అలాంటి పిల్లలకు ముప్ఫై ఐదేళ్ల వయసులో ఏముంటుందన్నది ఇప్పుడే అడగాలి.

భద్రత విషయమూ ఇందులోనే ఉంది. 2022లో పదిహేడేళ్ల లోపు బాలికల జట్టు విదేశాల్లో ఉండగా, లైంగిక దుష్ప్రవర్తన ఆరోపణపై సహాయ శిక్షకుణ్ణి వెనక్కి పిలిపించి తొలగించారు. స్త్రీ శిక్షకురాలుంటే చాలు, అంతా సవ్యంగా ఉంటుందని మేం అనుకోవడం లేదు. అధికారానికి ఆడా మగా తేడా తెలియని సందర్భాలు హాస్టళ్లలో బోలెడు చూశాం. కానీ తనను జట్టులోంచి తీసేయగలిగిన వాడి మీద పదహారేళ్ల పిల్ల ఎవరికి చెప్పుకోవాలి? పనిస్థలాల్లో లైంగిక వేధింపుల నిరోధానికి 2013లో వచ్చిన చట్టం స్టేడియాన్ని, క్రీడా శిక్షణ సంస్థను కూడా పనిస్థలంగానే పేర్కొంది. పదిమంది కూడా పనిచేయని చోట్ల, అంటే చిన్న అకాడమీ అయినా ఆటోనగర్ షెడ్డు అయినా, ఫిర్యాదు తీసుకోవలసింది జిల్లాలోని స్థానిక కమిటీ. ఆ కమిటీలో ఎవరున్నారో మీ జిల్లా కలెక్టరాఫీసులో కనుక్కోండి. బాలికల జట్లున్న హాస్టళ్లలో ఆ పేర్లు గోడ మీద రాయించండి.

జీతం మాట మిగిలింది. బెజవాడ పెద్ద రైల్వే జంక్షను, రైల్వేలు క్రీడాకారిణులకు ఉద్యోగాలిస్తాయి. ఇది చిన్న విషయం కాదు. శిక్షణ లైసెన్సు కోర్సుకు వెళ్లాలంటే ఇల్లు వదిలి రోజుల తరబడి ఉండాలి, ఫీజు కట్టాలి, పసిబిడ్డ ఉంటే ఎవరో ఒకరు చూసుకోవాలి. ఆ రోజులకు జీతంతో సెలవు ఇస్తారా? ఫీజు ఎవరు కడతారు? స్పోర్ట్స్ కోటాలో చేరిన అమ్మాయిని ఆట అయిపోయాక గుమస్తా సీటులోనే ఉంచుతారా, మైదానానికి పంపుతారా? ఉద్యోగమిచ్చే ప్రతి సంస్థనూ ఈ మూడూ లిఖితపూర్వకంగా అడుగుదాం.