కంప్యూటరు మెమరీ: కొనుగోలులో వివేకము

మన పామిడి ప్రక్కగా పోవు జాతీయ రహదారి ఒకవైపు హైదరాబాదునకు, మరొకవైపు బెంగళూరునకు దారి తీయుచున్నది. విడిభాగములు కొని, కంప్యూటరును తమ అవసరము కొలది కూర్పించుకొనదలచు విద్యార్థులు సికిందరాబాదులోని చెనాయ్ ట్రేడ్ సెంటరుకో, బెంగళూరులోని ఎస్.పి. రోడ్డుకో ఈ దారినే పోవుదురు. వారి జేబులోని డబ్బు ఎక్కడిది? మన ఊరి ఇండ్లలో నైటీలు కుట్టి, ముక్కకు ఇంత అని తల్లులు కూడబెట్టినది. అట్టి డబ్బును అంగడివాని మాటకు వదలివేయరాదని మా అభిప్రాయము.

ముందుగా మెమరీ అనగా ఏమో తెలిసికొందము. కుట్టుపని ఎరిగిన మనకు ఇది సులభము. గుడ్డల గోదాము వేరు, కత్తిరింపు బల్ల వేరు. గోదాము ఎస్.ఎస్.డి. వంటిది, బల్ల మెమరీ వంటిది. బల్ల చిన్నదైనచో పనివాడు మాటిమాటికి గోదామునకు పరుగెత్తవలెను. అయితే చేతిలో నాలుగు తానులే ఉన్నప్పుడు హాలంత బల్ల వేయించుటయు వ్యర్థమే.

మరి ఎంత బల్ల కావలెను? భాషలు చదువుకొనువారు ఒక లెక్క చూడవలెను. నేడు వాడుకలోనున్న యు.టి.ఎఫ్-8 పద్ధతిలో ఒక తెలుగు సంకేతమునకు 3 బైట్లు, ఉర్దూ అక్షరమునకు 2 బైట్లు చాలును. పుటకు రెండువేల సంకేతములనుకొన్నను, 8 గిగాబైట్లలో సుమారు 14 లక్షల తెలుగు పుటలు ఇముడును. ఉర్దూ నస్తాలీఖ్ వ్రాతను యంత్రమునకు ఎక్కించుటకై 1981లో మీర్జా అహ్మద్ జమీల్ సుమారు ఇరువదివేల అక్షరసంపుటులను సిద్ధపరచవలసి వచ్చినది; నేడు అట్టి ఫాంటు కొద్ది మెగాబైట్లలో అణగియున్నది. కావున మన వ్యాసములు మెమరీని తినివేయుట లేదు. తినునది బ్రౌజరు, అందు తెరచి మరచిన ఇరువది పుటలు, వీడియో పాఠములు, విండోస్ స్వయముగా. విండోస్ 11కు 4 గిగాబైట్లు కనీసమని చెప్పుదురు గాని, అది బండి కదలుటకే గాని ప్రయాణమునకు కాదు. సామాన్య విద్యార్థికి 8తో గడచును, 16తో సుఖముగా జరుగును. వీడియోలు కూర్చు పని లేనివానికి 32 అక్కరలేదు.

"మెమరీ చవకే, ఎక్కువ వేయించుకో" అను పాత సలహా నేడు చెల్లదు. 2025 చివరి నెలలలో మెమరీ ధరలు విపరీతముగా పెరిగినవి. కృత్రిమ మేధకై కట్టుచున్న మహా డేటా కేంద్రములు చిప్పులను ముందే కొనివేయుటయు, కర్మాగారములు వాటికి వలసిన రకములవైపు మొగ్గుటయు ఇందుకు కారణములు. క్రూషియల్ పేరుతో సామాన్యులకు మెమరీ అమ్మిన మైక్రాన్ సంస్థ, ఆ వ్యాపారమునుండి తప్పుకొందునని 2025 డిసెంబరులో ప్రకటించినది. ఎక్కడో అమెరికాలో కట్టిన భవనము పామిడి పిల్లవాని కొనుగోలును నిర్ణయించుచున్నదన్నమాట!

ఇట్టి స్థితిలో ఏమి చేయవలెను? ఎనిమిదేసి గిగాబైట్ల కడ్డీలు రెండు జతగా వేసినచో ప్రాసెసరునకు రెండు దారులు తెరచుకొనును. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేని యంత్రములలో తెరమీది బొమ్మలకు కూడ ఈ మెమరీయే ఆధారము గనుక, అక్కడ జత వలన లాభము స్పష్టము. డబ్బు చాలనివారు ఒక కడ్డీతో ప్రారంభించి రెండవ గూడు ఖాళీగా ఉంచుకొని, తరువాత అదే కంపెనీది, అదే వేగముది చేర్చుకొనవచ్చును. అయితే మదర్‌బోర్డును, మెమరీని కలిపియే ఎంచవలెను. డి.డి.ఆర్.4 కడ్డీ డి.డి.ఆర్.5 గూటిలో దూరదు, గాటు వేరు. ఏ.ఎం.డి. వారి ఏ.ఎం.5 బోర్డులు డి.డి.ఆర్.5ను మాత్రమే స్వీకరించును. అన్నగారి పాత కంప్యూటరులోని డి.డి.ఆర్.4 కడ్డీలు మంచివై ఉన్నచో, వాటికి తగిన బోర్డునే వెదకుట నేడు పిసినారితనము కాదు. కొన్న వేగము పూర్తిగా దక్కుటకు బయోస్‌లో ఎక్స్.ఎం.పి. లేక ఎక్స్‌పో అనునది తెరవవలసియుండును. దానిని అంగడిలోనే చేయించుకొనుట మేలు.

మేము గట్టిగా చెప్పదలచినది మరొకటి గలదు. అంగడివారి చీటీలో ప్రాసెసరు పేరు పెద్దక్షరములతో ఉండును. పవర్ సప్లయి దగ్గరకు వచ్చుసరికి వాట్ల సంఖ్య తప్ప పేరుండదు. ధర తగ్గించినట్లు కనబడునది అక్కడనే. మన కరవు సీమలో వేసవి ఎండ, పెన్న ఇసుకలోనుండి లేచు దుమ్ము, హెచ్చుతగ్గుల కరెంటు, ఈ మూడింటిని ఎదుర్కొనవలసినది ఆ డబ్బాయే. అది చెడి పోవునపుడు ఒక్కొక్కమారు బోర్డును, మెమరీని కూడ వెంట తీసికొనిపోవును. పేరున్న పవర్ సప్లయి, చిన్నదైనను ఒక యు.పి.ఎస్., గాలి ఆడు పెట్టె — వీటికి డబ్బు కేటాయించిన పిదపనే తక్కిన వాటి మాట. రంగురంగుల దీపములు వెలుగు మెమరీ కడ్డీలను చూచి మురియు పిల్లలు గలరు. ఆ దీపములు ఉర్సులో అందముగా ఉండును గాని, లెక్కలను వేగముగా చేయవు.

అంత డబ్బు లేనివారు ఆఫీసులు వాడి విడిచిన కంప్యూటరు కొనుటలో చిన్నతనమేమియు లేదు. కాని 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ వారి సాధారణ సహాయము ముగిసినది. విండోస్ 11 ఇంటెల్ ఎనిమిదవ తరమునకు ముందున్న సామాన్య ప్రాసెసర్లను అంగీకరించదు. చవకగా వచ్చినదని నాలుగవ తరము యంత్రమును కొనువారు లినక్స్ నేర్చుటకు సిద్ధపడవలెను.

ఇక బిల్లు సంగతి. ప్రతి భాగమునకు పేరు, సీరియల్ సంఖ్య వ్రాయించుకొనవలెను. బిల్లు లేకున్న కొంత తగ్గింతుమను అంగళ్లు గలవు. ఆ తగ్గింపుతోపాటు కంపెనీవారి హామీయు పోవును. చెడిన కడ్డీని పట్టుకొని మరల అంత దూరము పోయినను అడుగువారుండరు.