పేదవాడికి సినిమా చూపించింది టూరింగ్ టాకీసు

అద్దె వీడియో క్యాసెట్ల వల్లే సినిమా పేదవాడి ఇంటికి వచ్చిందని గత సంచిక వ్యాసంలో రాశారు. ఒప్పుకోలేను. 1982 ఆసియా క్రీడలతో వచ్చిన కలర్ టీవీలు, ఆ వెనకే వీసీఆర్‌లు చేరింది కలిగినవాళ్ల ఇళ్లకే. మిగతావాళ్లు చందాలు వేసుకుని టీవీ, డెక్కు కలిపి ఒక్క రాత్రికి అద్దెకు తెచ్చుకోవాలి. అద్దె గిట్టాలని తెల్లవార్లూ వరసగా సినిమాలు చూడాలి, అదీ గీతలు పడ్డ బొమ్మ!

కూలికి వెళ్లొచ్చిన మనిషి నేల టిక్కెట్టు కొనుక్కుని నిండు తెరమీద బొమ్మ చూసింది టూరింగ్ టాకీసులోనే. అక్కడ ఆడవాళ్లకు వేరే చోటుండేది. చంటిపిల్లల్ని ఎత్తుకుని ధైర్యంగా వచ్చేవారు. తర్వాత వెలిసిన వీడియో పార్లర్లలోకి మా ఊరి ఆడవాళ్లు అడుగు పెట్టలేకపోయారు.

ఇక దొంగ క్యాసెట్ల ఊసే వ్యాసంలో లేదు. ఆ బెడద వల్లే 1984లో కాపీరైట్ చట్టాన్ని సవరించి, కనీస శిక్షగా 6 నెలల జైలు, 50,000 రూపాయల జరిమానా పెట్టారు. హాల్లో ఆడుతున్న సినిమా పక్క వీధిలో అద్దెకు దొరికితే నష్టపోయింది నిర్మాత ఒక్కడే కాదు, గేటు దగ్గర టిక్కెట్లు చింపే కుర్రాడూ, ప్రొజెక్టర్ ఆపరేటరూ కూడా. వాళ్ల గురించీ రాయించండి.

– ఒక పాఠకుడు, తెనాలి