డబ్బులిచ్చి నడుస్తారా ఎవరైనా?

పోయిన ఆదివారం మధ్యాహ్నం భోజనాల దగ్గర మా ఇంట్లో అందరూ కలిసి ఒకే మాటకి నవ్వారు. నేను తప్ప.

సంగతేంటంటే, వచ్చే ఏడాదికి మా పెళ్ళయి పాతికేళ్ళు నిండుతాయి. బెంగళూరులో ఉద్యోగం చేస్తున్న మా అమ్మాయి ఫోన్లో ఓ యాత్ర వివరాలు పంపింది. ఇటలీలో, సముద్రం పక్కన, ఎనిమిది రోజులు. బస్సులో తిరగడం కాదు, నడక. రోజూ ఓ ఊరి నుంచి ఇంకో ఊరికి కొండదారి వెంట తీసుకెళ్తారు. దారి తెలిసిన మనిషి వెంట ఉంటారు. మన సామాను వాళ్ళే తర్వాతి ఊరికి చేరుస్తారు. మధ్యాహ్నం ఆ ఊరి వంట తినిపించి, అదెలా చేస్తారో కూడా చూపిస్తారు. "అమ్మా, నాన్నా, ఇది నా కానుక. ఇప్పటి నుంచే డబ్బులు దాస్తున్నా" అని కింద రాసింది.

మా ఆయన దాన్ని పైకి చదివారు. అత్తయ్యగారు ముద్ద ఆపి "డబ్బులిచ్చి నడుస్తారా ఎవరైనా?" అన్నారు. మా ఆడపడుచు "అక్కడ మనం తినేదేముంటుంది వదినా, ఎండిపోయిన రొట్టెలు తప్ప!" అంది. మా ఆయన తీర్పు చెప్పేశారు. "వెళ్తే ఇంటిల్లిపాదీ గ్రూపు టూరుకి వెళ్దాం. పది రోజుల్లో ఆరు దేశాలు చూపిస్తారు. మన వంటవాణ్ణి కూడా వెంట తెస్తారు." పైగా "దూరపు కొండలు నునుపు" అని ఓ సామెత. అందరూ నవ్వారు. ఆ సమయంలో నేను పెరుగు వడ్డిస్తున్నాను. "నీకెలా ఉంది?" అని ఎవరూ అడగలేదు.

ఆ పూట నోరు పెగల్లేదు. ఇక్కడ చెప్తున్నాను.

ముందు డబ్బు సంగతి, ఎందుకంటే దాన్ని దాటేసి మాట్లాడితే అన్యాయం. అది పెద్ద మొత్తమే. "మనకంత స్తోమత లేదు" అని మా ఆయన అని ఉంటే నేను మారు మాట్లాడేదాన్ని కాను. కానీ ఆయన అలా అనలేదు. ఇంటిల్లిపాదికీ ఆరు దేశాల టూరు తక్కువలో అవుతుందా? డబ్బు అడ్డం కాదు. ఇంటి ఆడది పనేమీ లేకుండా, ఊరికే, తన సుఖం కోసం నడవడమే వాళ్ళకి నవ్వొచ్చింది.

ఇప్పుడు అత్తయ్యగారి మాటకే వస్తాను. డబ్బులిచ్చి నడుస్తారా?

మా అమ్మాయి పంపిన చోటు పేరు చింక్వె తెర్రె. అంటే ఐదు నేలలు. మోంతెరొస్సో, వెర్నాత్సా, కొర్నీలియా, మనరోలా, రియోమజ్జోరె అని ఐదు చిన్న ఊళ్ళు, సముద్రం మీదికి ఒరిగిన కొండల్ని పట్టుకుని ఉంటాయి. కొండని మెట్లు మెట్లుగా చెక్కి, సున్నం సిమెంటూ లేకుండా రాయి మీద రాయి పేర్చి గోడలు కట్టి, ఆ మడుల్లో ద్రాక్ష పండించారు. 1870ల్లో రైలు వచ్చేదాకా ఈ ఊరి నుంచి ఆ ఊరికి వెళ్ళాలంటే కాలిబాట, లేకపోతే పడవ. 1997లో యునెస్కో ఆ చోటుని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. అందులో రియోమజ్జోరె నుంచి మనరోలాకి వెళ్ళే ఓ బాట కిలోమీటరు కూడా ఉండదు. 2012లో కొండరాళ్ళు పడి మూతబడితే, బాగుచేసి పూర్తిగా తెరిచేసరికి 2024 అయింది. కిలోమీటరు లేని నడకదారి కోసం పన్నెండేళ్ళు పట్టుదలగా ఉన్న దేశంలో, డబ్బులిచ్చి నడవడం వింతేమీ కాదు.

దీని గురించి చదువుతుంటే ఇంకో విషయం తెలిసింది. అదే ఇటలీలో దక్షిణాన అమాల్ఫీ తీరం ఉంది. నిమ్మకాయలకి పేరు. అక్కడ మయోరి, మినోరి అనే రెండు ఊళ్ళ మధ్య "నిమ్మకాయల బాట" అని ఉంది. ఒకప్పుడు కొండ మీద తోటల నుంచి కింద ఒడ్డుదాకా ఆ నిమ్మకాయల బుట్టలు మోసింది ఆడవాళ్ళేనట. వాళ్ళని "చిన్న చీమలు" అని పిలిచేవారు. బరువు మోసి మోసి వాళ్ళు అరగదీసిన మెట్ల మీదే ఇవాళ లోకమంతా వచ్చి సరదాగా నడుస్తోంది.

అది చదివినప్పుడు మా వీధిలోకి చేపలు తెచ్చే అమ్మ గుర్తొచ్చింది. తట్ట నెత్తిన పెట్టుకుని ఆవిడ నడిచినంత దూరం మా ఇంట్లో ఎవరూ నడిచి ఉండరు. మనకి నడకంటే ఇదే తెలుసు. బండి లేనివాళ్ళు నడుస్తారు, బరువున్నవాళ్ళు నడుస్తారు, షుగరొచ్చినవాళ్ళు డాక్టరు చెప్తే నడుస్తారు. బీచ్ రోడ్డులో పొద్దున్నే కొన్ని గంటలు వాహనాలు ఆపేస్తే ఎంతమంది నడుస్తున్నారో చూడండి. అందులో నా ఈడు ఆడవాళ్ళెంతమంది? ఉన్నవాళ్ళ చూపంతా గడియారం మీదే. ఏడింటికల్లా ఇంట్లో టిఫిన్ పొయ్యి మీదుండాలి కదా.

అలాగని మనవాళ్ళు సరదాకి నడవరా? విశాఖపట్నం వాళ్ళతోనా ఆ మాట! ఆషాఢ పౌర్ణమికి సింహాచలం గిరి ప్రదక్షిణ ఎన్ని కిలోమీటర్లు? 32. తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి, హనుమంతవాక మీదుగా అప్పుఘర్ దగ్గర సముద్రం ఒడ్డుకి వచ్చి, మాధవధార, గోపాలపట్నం చుట్టి మళ్ళీ కొండ కిందికి చేరతాం. రాత్రంతా లక్షల మంది నడుస్తారు. చాలామంది చెప్పుల్లేకుండానే.

నేను రెండుసార్లు చేశాను. ఇప్పుడో నిజం చెప్తాను, అప్పన్న స్వామి క్షమిస్తాడనే నమ్మకంతో. ఆ రెండు రాత్రులూ నాకు భక్తి కన్నా ఎక్కువ గుర్తున్నది వేరే ఉంది. దారి పొడవునా ముక్కూ మొహం తెలియని వాళ్ళు నిలబడి "తల్లీ, మజ్జిగ తాగు", "అమ్మా, పులిహోర తీసుకో" అని పిలిచి చేతిలో పెట్టారు. చింతపండు నేను నానబెట్టలేదు. పోపు నేను వెయ్యలేదు. తిన్నాక గిన్నె నేను తోమలేదు. అర్ధరాత్రి అప్పుఘర్ దగ్గర సముద్రపు గాలికి నిలబడి ఆ పులిహోర తింటుంటే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పక్కనున్నావిడ భక్తి అనుకుంది.

దారి చూపించే జనం, దారిలో ఎవరో వండిన తిండి, పక్కన సముద్రం. ఇటలీ వాళ్ళు అమ్ముతున్నదీ అదే. దేవుడి పేరు చెప్తే నేను 32 కిలోమీటర్లు నడిచినా మా ఇంట్లో ఎవరూ నవ్వలేదు, పైగా కాళ్ళకి నూనె రాసుకోమన్నారు. నా పేరు చెప్తే మాత్రం నవ్వారు. నా గొడవంతా దాని గురించే.

ఇక మా ఆడపడుచు మాట. అక్కడ తినేదేముంటుంది? చింక్వె తెర్రె ఉన్న ప్రాంతం పేరు లిగూరియా. అక్కడి పేరున్న వంటకం పెస్తో. తులసికి దగ్గర చుట్టమైన ఆకునీ, వెల్లుల్లినీ, ఉప్పునీ, ఓ రకం చెట్టు గింజల్నీ రాతి రోట్లో వేసి కర్ర బండతో నూరి, జున్నూ ఆలివ్ నూనే కలుపుతారు. పెస్తో అన్న పేరే నూరడం అన్న మాట నుంచి వచ్చింది. అంటే రోటి పచ్చడి. ఇంకోటి ఫరినాతా. శనగపిండి జారుగా కలిపి, ఉప్పూ నూనే వేసి, పెద్ద పళ్ళెంలో పోసి కట్టెల పొయ్యిలో కాలుస్తారు. శనగపిండి అట్టు కాకపోతే ఏమిటది? మోంతెరొస్సోలో చిన్న చేపల్ని ఉప్పులో ఊరేసి నిలవ చేస్తారు. ఎండు నెత్తళ్ళు లేనిదే ముద్ద దిగని ఇంట్లో కూర్చుని మనమేనా అక్కడ తినేదేముంటుంది అంటున్నది?

చివరికి మా ఆయన తీర్పు. మనవాళ్ళందరూ ఉంటారు, మన వంటవాడూ ఉంటాడు, ఇంకేం కావాలి అని. దీనికి జవాబు మా అరకు ప్రయాణంలో ఉంది.

మూడేళ్ళ కిందట పన్నెండుమందిమి అరకు వెళ్ళాం. కిరండూల్ రైల్లో సొరంగాలు దాటుకుంటూ పిల్లలంతా కేరింతలు. నా ఒళ్ళో పులిహోర డబ్బా, కాళ్ళ దగ్గర పచ్చళ్ళ సంచి. దిగిన ఇంట్లో గ్యాసు పొయ్యి ఉందని అందరూ తెగ సంబరపడ్డారు, బయటి తిండి తినక్కర్లేదని. రెండో రోజు అందరూ బొర్రా గుహలకి బయల్దేరుతుంటే "మేం వచ్చేసరికి వేడిగా కాస్త అన్నం, పప్పుచారు చేసి ఉంచితే చాలు, ఎక్కువ పెట్టుకోకు" అన్నారు. ప్రేమగానే అన్నారు, అందుకే కాదనలేకపోయాను. ఇంత దగ్గర్లో ఉండి, ఇన్నేళ్ళుగా ఈ ఊళ్ళో ఉండి, బొర్రా గుహల్ని నేను మా మరిది ఫోన్లో చూశాను. పప్పుచారు మాత్రం చాలా బాగుందన్నారు.

గ్రూపు టూరులో వంటవాడు ఉండొచ్చు. కానీ పన్నెండుమంది మందులు, స్వెట్టర్లు, తడిసిన తువ్వాళ్ళు, "నా కళ్ళజోడు ఎక్కడ" అన్న కేక, ఇవి ఏ వంటవాడు చూస్తాడు? ఆరు దేశాలు మారతాయి, నా పని మారదు. ఊరు మారినంత మాత్రాన ఇల్లాలికి సెలవు రాదు. వండే చెయ్యి మారాలి, వెతికే చెయ్యి మారాలి.

మా ఆయన స్టీల్ ప్లాంటులో చేస్తారు. ఏ షిఫ్టుకి పొద్దున్న ఆరింటికి అక్కడుండాలంటే నేను నాలుగింటికి లేవాలి. బి షిఫ్టు నుంచి వచ్చేసరికి రాత్రి పదిన్నర దాటుతుంది, అప్పుడు అన్నం వేడి చెయ్యాలి. సి షిఫ్టుకి పగలు ఆయన నిద్రపోతే ఇంట్లో గిన్నె చప్పుడు కాకూడదు. కొలిమి దగ్గర ఆయన పడే కష్టాన్ని నేనెప్పుడూ తక్కువ చెయ్యలేదు. కానీ ఆయనకి వారానికో ఆఫ్ ఉంది, సంపాదించుకున్న సెలవులున్నాయి, రిటైరయ్యే తేదీ కూడా ఉంది. ఆ తేదీ తర్వాత కూడా నా క్యారేజీ గిన్నెలకి రిటైర్మెంటు లేదు.

మీరనొచ్చు, దీనికి ఇటలీయే ఎందుకు అని. నిజమే, ఇటలీయే అక్కర్లేదు. మనకీ తీరం ఉంది. తొట్లకొండ మీద రెండు వేల ఏళ్ళ నాటి బౌద్ధారామం ఉంది. అక్కణ్ణుంచి దిగితే మంగమారిపేట దగ్గర సముద్రం తొలిచిన రాతి తోరణం, ముందుకెళ్తే ఎర్రమట్టి దిబ్బలు, ఆ తర్వాత భీమిలిలో డచ్చివాళ్ళ సమాధులు, గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటు. దారిలో జాలరిపేటలున్నాయి, ఆ ఇళ్ళలో చేపల పులుసు కాచే ఆడవాళ్ళున్నారు. మనం చేసేది మాత్రం కారులో భీమిలి వెళ్ళడం, దిగి ఫొటో తీసుకోవడం, మురీ మిక్చర్ తిని కారెక్కడం. ఆ పులుసుకి సరైన ధర ఇచ్చి వాళ్ళింటి అరుగు మీద కూర్చుని తినాలని ఎవరికీ తోచదు.

అందుకని రెండు పనులు చేశాను. మొదటిది, పాస్‌పోర్టుకి దరఖాస్తు నింపాను. ఉద్యోగం అన్నచోట గృహిణి అని పెట్టాను. మా ఆయన నాతో వస్తే సంతోషం. రాకపోతే మా అమ్మాయితో వెళ్తాను.

రెండోది, వచ్చే నెల రెండో ఆదివారం మా కాలనీ ఆడవాళ్ళం నలుగురం తొట్లకొండ కింద నుంచి భీమిలి దాకా నడుస్తున్నాం. చేపలు తెచ్చే అమ్మ దారి చూపిస్తానంది. వాళ్ళ చెల్లెలింట్లో భోజనం. వంటకీ, దారి చూపించినందుకూ ఇంతని ముందే మాట్లాడుకున్నాం. "నడవడానికి నాకు డబ్బులిస్తారా అమ్మా!" అని ఆవిడ కూడా నవ్వింది. కానీ ఆ నవ్వు వేరు. తట్ట లేకుండా ఆ దారిలో తనూ ఎప్పుడూ నడవలేదట.

మీ ఇంట్లోనూ ఓసారి అడిగి చూడండి. "నాకు ఓ రోజు నడవాలని ఉంది, గుడికి కాదు, ఆరోగ్యానికీ కాదు" అనండి. ఎవరు నవ్వుతారో, ఎవరు నవ్వరో గమనించండి.

నిన్న రాత్రి మా ఆయన క్యాలెండరు చూసి "ఆ ఆదివారం నాకు ఆఫే. మరి ఇంట్లో వంట?" అన్నారు.

బియ్యం డబ్బా ఎక్కడుందో చూపించాను.