వెనుక కీలు

మోటారు సైకిలు వేగం పుంజుకోగానే ఊగుతోందంటే మనవాళ్ళ చూపు ముందుగా హ్యాండిల్ మీదికి పోతుంది. చేతికి తెలిసేది అక్కడే కనుక ఆ అనుమానం సహజమే. మెకానిక్కు కోన్ సెట్టు బిగిస్తాడు. తగ్గకపోతే ముందు టైరు మార్పిస్తాడు. వెనుక చక్రాన్ని ఛాసీకి కలిపే స్వింగ్ ఆర్మ్ కీలును మాత్రం ఎవరూ ముట్టుకోరు. (స్వింగ్ ఆర్మ్‌కు తెలుగు పేరు పెట్టమని మిత్రులు అడగవద్దు. 'ఊగుచేయి' అంటే మెకానిక్కు నన్ను బయటికి పంపుతాడు.) ముప్పై ఏళ్ళు బుల్లెట్టు మీద బడికి పోయివచ్చిన పండితుడిగా ఈ అలవాటును నిరసించే అధికారం నాకున్నదనుకుంటాను.

ఊపులలో రెండు జాతులున్నాయి. హ్యాండిల్ ఒక్కటే వడివడిగా కొట్టుకునేది వాబుల్. బండి యావత్తూ పాములాగ మెలికలు తిరిగేది వీవ్. ఇది సెకనుకు సుమారు 2 నుంచి 4 సార్లు. 1971లో ఆర్.ఎస్. షార్ప్ అనే బ్రిటిష్ పరిశోధకుడు ఈ రెంటినీ గణితరీత్యా విడదీసి చూపించాడు. హ్యాండిల్‌కు డాంపర్ తగిలిస్తే వాబుల్ అణుగుతుంది గాని, వీవ్‌కు అది చేటే చేస్తుందని ఆయన లెక్కలు చెప్పాయి. వెనుక చక్రం పక్కలకు కదిలే కొద్దీ వీవ్ త్వరగా అణగదని 1974లో మళ్ళీ ఆయనే తేల్చాడు. వేలు పోసి డాంపర్లు కొనే కుర్రవాళ్ళు ఈ సంగతి గ్రహించాలి.

కీలులో వెంట్రుకవాసి సందుంటే ఏమవుతుందని అడుగుతారు. లెక్క వేద్దాం. రెండు బుష్షుల మధ్య దూరం 20 సెంటీమీటర్లు, కీలు నుంచి చక్రం ఇరుసుకు 50 సెంటీమీటర్లు అనుకోండి. ఒక్కొక్క బుష్షులో 0.2 మిల్లీమీటరు ప్లే ఉంటే, ఇరుసు దగ్గర అటూ ఇటూ కలిపి 1 మిల్లీమీటరు కదలిక వస్తుంది. అంటే వెనుక చక్రం కూడా తనకు తోచినట్టు దారి చూసుకుంటోందన్నమాట. 1967లో నార్టన్ కంపెనీ కమాండో బండిని తెచ్చినప్పుడు ఇంజనూ, గేర్‌బాక్సూ, స్వింగ్ ఆర్మూ ఒక్కటిగా కలిపి రబ్బరు మీద నిలబెట్టింది. కంపనం పోయింది, కాని పక్కసందు సుమారు 0.25 మిల్లీమీటరుకు మించకుండా షిమ్ములతో సరిచూసుకోవలసి వచ్చింది. అశ్రద్ధ చేసినవాడికి బండి మెలికలు తిరిగేది.

నా పూర్వ విద్యార్థి ఒకడు భార్యాబిడ్డలతో హైవే మీద పోతూండగా ఎనభై దాటేసరికి బండి మెలిక పడింది. యాక్సిలరేటరు మెల్లగా వదిలి, బ్రేకు గట్టిగా నొక్కకుండా ఎలాగో నిలదొక్కుకున్నాడు. ఒక వర్క్‌షాపువాళ్ళు రెండుసార్లు సొమ్ము తీసుకుని ముందు భాగమంతా మార్చారు. బిగువెక్కువైన కోన్ సెట్టుతో బండి నెమ్మదిగా పోయేటప్పుడు కూడా తూలసాగింది! అరిగినవి వెనుక బుష్షులు. ముగ్గురి ప్రాణాలు వాటి మీద ఊగాయి.

పరీక్ష కష్టం కాదు. టైర్ల గాలి సరిచూసిన తరువాత సెంటర్ స్టాండు వేసి, వెనుక చక్రం నేలకు తగలకుండా చూడండి. ఒక చేత్తో ఛాసీని, మరో చేత్తో ఇరుసు దగ్గర స్వింగ్ ఆర్మ్ కొసను పట్టి పక్కలకు ఊపండి. టైరు పట్టుకుని ఊపితే చక్రం బేరింగుల ప్లే కూడా కలిసి మోసం చేస్తుంది. 'టక్' మన్నదా, కీలు విప్పవలసిందే. ఆ పైన చక్రాలు రెండూ ఒకే వరుసలో ఉన్నాయో లేదో దారం లాగి చూడండి. చైను దగ్గరి గీతలను నేను నమ్మను.

వాటర్ సర్వీసింగు మోజు ఒకటి దాపురించింది. ఆ నీటి ధాటికి కీలులోని గ్రీజు కొట్టుకుపోతుంది, ట్యాంకు మాత్రం అద్దంలా మెరుస్తుంది.

బుష్షులు మార్పించేటప్పుడు దగ్గరే ఉండండి. రబ్బరు సైలెంట్ బుష్షులైతే, బండి తన బరువు మీద తాను నిలిచి ఉన్నప్పుడే ఆఖరి బిగింపు బిగించమనండి. చక్రం వేలాడుతుండగా బిగిస్తే, బండి దించగానే రబ్బరు మెలిపడి తొందరగా చిరిగిపోతుంది.