పొగడ్త మోసుకొచ్చే మెయిల్

మొదటి పరిశోధన పత్రం అచ్చయిన కొద్దిరోజులకే స్కాలర్ మెయిల్‌కు ఆహ్వానాలు మొదలవుతాయి. సంబోధనలో డాక్టర్ గారూ అని ఉంటుంది, పట్టా రావడానికి ఇంకా ఏళ్లున్నా సరే. తమ అంతర్జాతీయ జర్నల్‌కు వ్యాసం పంపమంటారు, వారంలో వేసేస్తామంటారు, కుదిరితే సంపాదకవర్గంలో చేరమంటారు. రసాయనశాస్త్రం చదివేవారిని గుండెజబ్బుల సదస్సుకు పిలిచే మెయిళ్లూ ఉంటాయి.

హైదరాబాద్‌లో కాచిగూడ దాటి ఉస్మానియా క్యాంపస్ మీదుగా తార్నాక వైపు వెళ్తే ఈ మెయిళ్లు అందుకునే వారు అడుగడుగునా కనిపిస్తారు. 1918లో పుట్టిన విశ్వవిద్యాలయం, దాన్ని ఆనుకుని ఇఫ్లూ, ఆ పక్కనే జాతీయ పోషకాహార సంస్థ, ఐఐసీటీ, సీసీఎంబీ, ఎన్‌జీఆర్‌ఐ. అన్నింట్లోనూ పరిశోధకులే. ప్రచురించే ప్రతి పేపర్ మీదా ఎవరో ఒక రచయిత మెయిల్ చిరునామా వేయడం శాస్త్రలోకపు ఆనవాయితీ. సందేహమున్న పాఠకుడు రాసి అడగడానికి పెట్టిన ఆ చిరునామాలను ప్రోగ్రాములు మూకుమ్మడిగా ఏరుకుంటాయి. అంటే స్పామ్ రావడం స్కాలర్ చేసిన తప్పేమీ కాదు. చదువు చెప్పిన పద్ధతి పాటించినందుకే వచ్చింది. అందుకే దీన్ని ఎదుర్కొనే భారాన్ని స్కాలర్ ఒక్కరి నెత్తిన వేసి విశ్వవిద్యాలయాలు చేతులు దులుపుకోవడం అన్యాయం.

ఈ తరహా మెయిళ్ల చరిత్రలో పేరుమోసిన కేసు హైదరాబాద్‌దే. ఇక్కడ కేంద్ర కార్యాలయమున్న ఓమిక్స్ ప్రచురణ సంస్థపై అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2016 ఆగస్టులో దావా వేసింది. మెయిళ్లతో పరిశోధకులను ఆకర్షించి, ప్రచురణ రుసుము సంగతి ముందుగా చెప్పకుండా, పేపర్ తీసుకున్నాక బిల్లు పంపుతున్నారన్నది ఆరోపణ. వ్యాసాలను నిపుణులు పరిశీలిస్తారన్న మాట నిజం కాదని, ఒప్పుకోని శాస్త్రవేత్తల పేర్లు కూడా సంపాదకులుగా, సదస్సు వక్తలుగా వేశారని కమిషన్ వాదించింది. సంస్థ ఆ ఆరోపణలను ఖండించింది. 2019 మార్చిలో నెవాడాలోని ఫెడరల్ కోర్టు 5 కోట్ల డాలర్లకు పైగా చెల్లించాలని తీర్పిచ్చింది. ఇందులో అన్నిటికన్నా బాధపెట్టేది పేపర్ వెనక్కి ఇమ్మని అడిగినా దక్కని రచయితల గతి. ఒక జర్నల్ చేతిలో చిక్కుకున్న వ్యాసాన్ని మరో జర్నల్ తీసుకోదు. డబ్బు మళ్లీ సంపాదించవచ్చు, మూడేళ్ల ప్రయోగశాల శ్రమను ఎక్కడి నుంచి తెస్తారు?

అలాంటి జర్నళ్లలో పరిశీలన ఎంత డొల్లో 2013లో సైన్స్ పత్రిక బయటపెట్టింది. విలేకరి జాన్ బొహానన్ ఘోరమైన తప్పులు కావాలనే పెట్టిన నకిలీ పేపర్‌ను 304 జర్నళ్లకు పంపితే 157 జర్నళ్లు అంగీకరించాయి. మరుసటి ఏడాది ఆస్ట్రేలియాలో ఒక అధ్యాపకుడు విసుగెత్తి, తన పేరు మీ జాబితా నుంచి తీసేయండి అన్న ఒక్క వాక్యమే బూతుతో సహా పేజీల నిండా ఉన్న పాత పేపర్‌ను అలాంటి ఒక జర్నల్‌కు పంపారు. దాన్నీ అంగీకరించి 150 డాలర్లు అడిగారు.

వలలో పడేవారు తెలివితక్కువవారని అనుకోవడం పొరపాటు. పీహెచ్‌డీ సమర్పించే ముందు కనీసం ఒక పేపర్ అచ్చయి ఉండాలని యూజీసీ 2016 నిబంధనలు చెప్పాయి. 2022లో ఆ షరతు తీసేసినా ఉద్యోగాల దగ్గర పేపర్ల లెక్క పోలేదు. ఫెలోషిప్ గడువు దగ్గరపడి, గైడ్ తొందరపెడుతున్నప్పుడు వారంలో వేస్తామన్న మాట తీయగానే వినిపిస్తుంది. లాటరీ తగిలిందంటే నవ్వి తీసేసేవారు కూడా తమ పరిశోధన గొప్పదంటే ఆగి చదువుతారు. బెదిరింపు మెయిల్ కన్నా పొగడ్త మెయిల్‌తోనే చదువుకున్నవారికి ఎక్కువ ప్రమాదం.

చేయాల్సినవి కష్టమేమీ కాదు. తెలియని చోటి నుంచి వచ్చిన మెయిల్‌కు తిట్టడానికైనా జవాబు రాయకూడదు. జవాబు వెళ్తే ఆ చిరునామా వెనుక మనిషి ఉన్నాడని అవతలివారికి రూఢి అవుతుంది. అన్‌సబ్‌స్క్రైబ్ మీట తెలిసిన సంస్థల విషయంలోనే నొక్కాలి. పెద్ద సంఖ్యలో ప్రచార మెయిళ్లు పంపేవారు ఒక్క నొక్కుతో వైదొలిగే వీలివ్వాలని గూగుల్, యాహూ 2024లో నిబంధన పెట్టాయి కాబట్టి నిజాయితీగల సంస్థల దగ్గర అది పనిచేస్తుంది. మిగతావాటిని ఊరికే డిలీట్ చేయడం కన్నా స్పామ్‌గా రిపోర్ట్ చేయడం మేలు, ఫిల్టర్ దాంతోనే నేర్చుకుంటుంది. మెయిల్ తెరవగానే బొమ్మలు లోడ్ కాకుండా సెట్టింగ్ మార్చుకోవాలి. ఆ బొమ్మలతోనే మెయిల్ ఎప్పుడు తెరిచారో పంపినవారికి తెలిసిపోతుంది.

జర్నల్ పేరుతో వచ్చినా, బ్యాంకు పేరుతో వచ్చినా, పంపినవారి పేరు ఎవరైనా ఎలాగైనా పెట్టుకోవచ్చు కాబట్టి చూడాల్సింది ఆ వెనకున్న చిరునామాను. బ్యాంకుల వెబ్‌సైట్లకు రిజర్వ్ బ్యాంక్ 2025లో డాట్ బ్యాంక్ డాట్ ఇన్ అనే ప్రత్యేక డొమైన్ తెచ్చింది ఈ గుర్తింపు కోసమే. పొరపాటున ఎక్కడైనా పాస్‌వర్డ్ ఇచ్చేస్తే దాన్ని మార్చడంతో పని అయిపోదు. ఖాతాకు వచ్చే మెయిళ్లు రహస్యంగా మరో చిరునామాకు వెళ్లేలా ఫార్వర్డింగ్ పెట్టారేమో కూడా చూడాలి. డబ్బు పోతే సిగ్గుపడి దాచకుండా ఆ క్షణమే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.

చట్టం వైపు నుంచి రక్షణ పలుచనే. అమెరికా 2003లోనే స్పామ్ మెయిళ్లపై చట్టం చేసింది. మన దేశంలో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ పెట్టిన డీఎన్‌డీ, అంటే ప్రచారం వద్దని నమోదు చేసుకునే ఏర్పాటు, ఫోన్లకు, ఎస్సెమ్మెస్‌లకే పరిమితం. 2023 నాటి డేటా రక్షణ చట్టం కూడా వ్యక్తి తానుగా బహిరంగపరిచిన వివరాలకు వర్తించదు. పేపర్ మీద అచ్చయిన మెయిల్ చిరునామాను ఆ చట్టం కాపాడుతుందని ఆశ పెట్టుకోలేం.

కనుక క్యాంపసే ముందుకు రావాలి. పరిశోధన, ప్రచురణ నైతికతపై 2 క్రెడిట్ల కోర్సును పీహెచ్‌డీ కోర్స్‌వర్క్‌లో యూజీసీ ఇప్పటికే తప్పనిసరి చేసింది. మోసపూరిత జర్నళ్ల పాఠం అందులో ఉంది. ఆ పాఠాన్ని నిర్వచనాలతో సరిపెట్టకుండా స్కాలర్లకు వచ్చిన అసలు మెయిళ్లనే తరగతిలో తెర మీద పెట్టి, ఎక్కడెక్కడ అనుమానించాలో చూపించాలి. అనుమానం వచ్చిన ఆహ్వానాన్ని ఫార్వర్డ్ చేస్తే రెండు రోజుల్లో అవుననో కాదనో చెప్పే మనిషిని ప్రతి విశ్వవిద్యాలయ లైబ్రరీలో నియమించాలి. యూజీసీ తాను గుర్తించిన జర్నళ్ల కేర్ జాబితాను 2025లో ఆపేసి, మంచి జర్నల్‌ను ఎంచుకునే బాధ్యతను విద్యాసంస్థలకే అప్పగించింది. అప్పటి నుంచి ఆ మనిషి అవసరం ఇంకా పెరిగింది.