పుట్టమన్ను తడిపిన చేతులు

మా ఆదిలాబాద్ ఊళ్లలో ముసలవ్వల పుట్టిన తేదీలను నమ్మలేం. ఆధార్ కార్డులో చాలామందికి జనవరి ఒకటే. అందుకే కేస్లాపూర్ నాగోబా జాతరకు వచ్చే మెస్రం వంశపు అవ్వల జీవితాన్ని నేను భేటింగ్ నుంచి లెక్కపెడతాను. భేటింగ్ అంటే, పెళ్లై వచ్చిన కోడలు పుష్య అమావాస్య మహాపూజ తర్వాత తెల్లబట్టలు కట్టుకుని, ముసుగు వేసుకుని, పెద్దవాళ్ల వెంట నాగదేవుడు నాగోబా ముందుకు వెళ్లాలి. అది జరిగేదాకా ఆమెకు దేవుడి పూజలో చోటు లేదు. ఆ తర్వాత బతికినన్నాళ్లూ ఉంటుంది.

జాతరంటే హస్తినమడుగు నుంచి కాలినడకన తెచ్చే గోదావరి నీళ్లు, సిరికొండ కుమ్మరుల కుండలు, 22 పొయ్యిల మీద వంట. గుడిలోని పుట్టను మళ్లీ నిలబెట్టడానికి నీళ్లు మోసి మన్ను తడిపేది మెస్రం ఇంటి ఆడబిడ్డలే, అల్లుళ్ల తోడుతో. 1940లలో మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ పూనికతో జాతరలో మొదలైన గిరిజన దర్బార్ గురించి ఏటా రాస్తాం, వేదిక మీది మంత్రుల ఫొటోలూ వేస్తాం. కోడలి చెయ్యి పట్టుకుని నడిచే అవ్వ మాత్రం ఫొటో అంచున ఉండిపోతుంది. తప్పు మా పత్రికలవాళ్లదే.

ఈ సంచిక ఆ అవ్వలది. మీ ఇంట్లో ఉన్న అవ్వ మాటలను, గోండీ అయినా మరాఠీ అయినా తెలుగైనా, ఆమె చెప్పినట్టే రాసి మాకు పంపండి.